చిరుగుల బుట్టతో కుట్టు మిషన్ నేర్చుకోవడం

మా కోవూరు ఇంట్లో మంచం కింద ఒక వెదురు బుట్ట ఉంటుంది. మోకాలు చిరిగిన స్కూలు ప్యాంటు, చంక కింద పిగిలిన జాకెట్టు, జిప్పు మొరాయించే సంచి, అంచు ఊడిన దుప్పటి, ఎవరికీ పట్టని లంగా... ఇంట్లో ఏది చిరిగినా అందులోకే పోతుంది. అత్తగారి తొక్కుడు మిషన్ నా చేతికొచ్చినప్పుడు నేను ఆ బుట్ట వైపు చూడనేలేదు. పెన్నా వంతెన దాటి నెల్లూరు చిన్నబజారుకు పోయి రెండున్నర మీటర్ల కొత్త గుడ్డ తెచ్చాను, చుడీదారు టాపు కుడదామని. మెడ ఒక పక్కకు పోయింది, చేతులు రెండూ ఒకే వైపువి అయ్యాయి. చివరికి ఆ గుడ్డ రెండు దిండు గలీబులుగా మిగిలింది.

కొత్త గుడ్డతో మొదలుపెడితే కత్తిరించడం, కొలతలు, మిషన్ తొక్కడం, కుట్టు తిన్నగా పోవడం, ఇవన్నీ ఒకేసారి రావాలి. పైగా గుడ్డ పాడవుతుందేమోనన్న భయం. చిరిగిన బట్టలో అయితే కత్తిరింపు ఎవరో దర్జీ ఎప్పుడో చేసేశాడు. మీ ముందున్నది ఒకే ఒక్క సమస్య. ఎలాగూ చిరిగిందే కాబట్టి చేతులు వణకవు. ఇంకొకటి, కుట్టు విప్పుతున్నప్పుడు ఆ బట్టను ఎలా కట్టారో లోపలి నుంచి కనిపిస్తుంది. నాకు జాకెట్టు కుట్టడం వచ్చింది క్లాసులో కాదు, పాత జాకెట్లు విప్పి.

కాబట్టి కింద చెప్పేది చిరుగుల క్రమం. ఒక్కో చిరుగు ఒక్కో పని నేర్పుతుంది. వారానికి రెండు మూడు రోజులు గంట చొప్పున కూర్చుంటే, మూడు నెలల్లో బుట్ట ఖాళీ అవుతుంది. అప్పటిదాకా కొత్త గుడ్డ కొనకండి.

బుట్టను కుప్పలు పెట్టండి

నేల మీద దుప్పటి పరిచి అన్నీ బయట పోయండి. ఉతకనివి ఉంటే ముందు ఉతకండి. మురికి గుడ్డ మీద సూది తొందరగా మొద్దుబారుతుంది, గుడ్డను కింద నుంచి ముందుకు లాగే మిషన్ పళ్ళలో మట్టి చేరుతుంది.

మొదటి కుప్పలోకి తిన్నటి కుట్టు ఒక్కటి వేస్తే చాలు అనిపించేవి: అంచు ఊడిన తువ్వాళ్ళు, పక్క కుట్టు పిగిలిన గలీబులు, కింది మడత జారిన లంగాలు. రెండో దాంట్లోకి చిల్లులు పడినవి. మూడో దాంట్లోకి కుట్టు విప్పితే తప్ప బాగుపడనివి, అంటే జిప్పులు, బిగుతైన జాకెట్లు, పొడుగైన ప్యాంట్లు. టీ షర్టులు, బనియన్లు ఇప్పటికి పక్కన పెట్టండి. సాగే గుడ్డకు మామూలు తిన్నటి కుట్టు వేస్తే తొడుక్కునేటప్పుడు గుడ్డ సాగుతుంది, దారం సాగదు, పటుక్కున తెగుతుంది. జిగ్‌జాగ్ (వంకర టింకర కుట్టు) ఉన్న మిషన్ అయితే చివర్లో చూసుకోవచ్చు. పట్టుచీరల జోలికి మాత్రం మొదటి ఏడాది పోవద్దు. పట్టులో పడిన సూది చిల్లు మళ్ళీ పూడదు.

మిషన్‌తో పరిచయం

అటక మీద ఏళ్ళ తరబడి ఉన్న మిషన్ అయితే ముందు శుభ్రం చేయాలి. సూది కింద ఉండే ప్లేటు స్క్రూలు విప్పి తీస్తే పళ్ళ మధ్య దూది మెత్తలా పేరుకుని ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌తో ఊడ్చేయండి. నోటితో ఊదవద్దు, దూది ఇంకా లోపలికి పోతుంది, ఊపిరిలోని తడి కూడా చేరుతుంది. తర్వాత మిషన్ పైన కనిపించే చిన్న చిన్న నూనె రంధ్రాల్లో, కింద కదిలే ప్రతి కీలు దగ్గర ఒక్కో చుక్క మిషన్ నూనె. ఒక్క చుక్కంటే ఒక్క చుక్కే. ఆ తర్వాత పాత గుడ్డ మీద పది నిమిషాలు ఊరికే కుట్టండి. ఎక్కువైన నూనె ఆ గుడ్డకు అంటుకుంటుంది, మంచి బట్టకు అంటదు.

నూనె విషయంలో నేను చేసిన తప్పు చెప్పాలి. మిషన్ నూనె అయిపోయిందని కొబ్బరినూనె పోశాను. ధనుర్మాసం చలికి అది లోపల గడ్డకట్టింది, చక్రం తిరగలేదు. మెకానిక్ వచ్చి మూత విప్పి చూసి, "అమ్మా, మిషనుకేం కాలా. మీరు దీనికి తలంటు పోసినారు, అంతే" అన్నాడు. కిరసనాయిలుతో కడిగి మళ్ళీ నూనె వేశాక దారికొచ్చింది. వంటనూనె, ఆముదం, కొబ్బరినూనె, ఏవీ పనికిరావు. కొన్నాళ్ళకు అవి జిగురు పడతాయి.

మైపాడు, ఇసకపల్లి లాంటి సముద్రం పక్క ఊళ్ళ వాళ్ళు ఇంకొకటి గమనించాలి. ఉప్పుగాలికి సూది కడ్డీ, గుడ్డను పైనుంచి నొక్కి పట్టే పాదం తొందరగా తుప్పు పడతాయి. పని కాగానే నూనె గుడ్డతో ఒకసారి తుడిచి మూత వేయండి. కార్తీకం వానల్లో అయితే అది మరిచిపోకూడదు.

ఇక తొక్కడం. దారం ఎక్కించకుండా, పాదం పైకెత్తి, చక్రాన్ని చేత్తో మీ వైపుకు తిప్పి వదిలి తొక్కండి. నల్ల తొక్కుడు మిషన్ చక్రం పైభాగం ఎప్పుడూ మీ వైపుకే రావాలి. వెనక్కి తిరిగితే దారం చిక్కుపడుతుంది. మడమ, మునివేళ్ళు మార్చి మార్చి అదుముతుంటే ఒక లయ దొరుకుతుంది. ఆ లయ దొరికేదాకా దారం జోలికి పోవద్దు. తొక్కుతుంటే బెల్టు జారుతుందా? తోలు బెల్టు సాగిందన్నమాట. ఒక అరంగుళం కోసి తీగ క్లిప్పు మళ్ళీ బిగించాలి. కరెంటు మిషన్ వాళ్ళకు ఈ కష్టం లేదు, కానీ వాళ్ళకు వేగం అదుపులో పెట్టుకోవడం కష్టం. పెడల్ కింద మడతపెట్టిన గుడ్డ ఒకటి పెడితే పూర్తిగా దిగదు.

తర్వాత పిల్లల రూళ్ళ నోటుపుస్తకంలోంచి నాలుగు కాగితాలు చించి, పాత సూదితో, దారం లేకుండా గీతల మీద కుట్టండి. సూది వైపు చూడకండి, పాదం అంచు గీతతో కలిసి పోతుందా లేదా చూడండి. తిన్నగా వచ్చాక ఒక చతురస్రం, తర్వాత నత్తగుల్లలా చుట్టలు తిరిగే గీత గీసుకుని దాని మీద. మలుపు దగ్గర సూది గుడ్డలో దించి, పాదం ఎత్తి, గుడ్డను తిప్పి, పాదం దించాలి. సూది పైనుండగా తిప్పితే మూల పోతుంది. మా అత్త వెనక నిలబడి, "ఏందమ్మాయ్, గుడ్డను నువ్వు లాగతా ఉండావా, మిషను లాగతా ఉండాదా?" అనేది. గుడ్డను లాగే పని పళ్ళది. మీ చేతులు దారి చూపించాలి, అంతే. వెనక నుంచి లాగితే సూది వంగి ప్లేటుకు కొట్టుకుని విరుగుతుంది.

సూది, దారం, టెన్షన్

నేర్చుకునేవాళ్ళు మిషన్ మూలన పడేసేది ఎక్కువగా ఇక్కడే. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

సూది నంబరు పెరిగే కొద్దీ లావు. పలచటి నూలుకు 11, మామూలు జాకెట్టు గుడ్డకు, లంగాకు 14, జీన్స్‌కు 16, మందపాటి సంచికి 18. మీ మిషన్‌కు గుండ్రటి మొదలున్న సూది పడుతుందో, ఒకవైపు చదునుగా ఉన్నది పడుతుందో తెలియకపోతే పాత సూదిని తీసుకుపోయి అంగట్లో చూపించండి. బిగించేటప్పుడు సూదికి పొడుగునా ఒక గాడి ఉంటుంది చూడండి, దారం ఏ వైపు నుంచి కన్నంలోకి పోతుందో ఆ గాడి ఆ వైపే ఉండాలి. సూదిని పైకి ఆనేదాకా తోసి బిగించాలి. తిరగేసి పెట్టినా, కాస్త కిందికి జారినా కుట్టు మధ్యలో వదిలేస్తుంది. ఏడెనిమిది గంటల కుట్టుకు ఒకసారి సూది మార్చండి. పాపం మిషన్‌ను తిట్టుకుంటాం గానీ సగం తప్పులు మొద్దు సూదివే.

చేతి సూదికి కన్నం వెనక, మిషన్ సూదికి కన్నం మొనలో ఎందుకు? మిషన్ సూది గుడ్డలోంచి అటు పూర్తిగా దాటిపోదు. మొనతో పైదారాన్ని కిందికి తీసుకుపోయి, కాస్త పైకి లేచేటప్పుడు అక్కడ ఒక చిన్న ఉచ్చు వదులుతుంది. కింద తిరిగే కొక్కెం ఆ ఉచ్చును పట్టుకుని, కింది దారం చుట్టి ఉన్న బాబిన్ చుట్టూ తిప్పుతుంది. రెండు దారాలూ అలా ముడిపడతాయి. ఇలా మొనలో కన్నమున్న సూదికీ, రెండు దారాల కుట్టుకూ కలిపి అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో పేటెంటు తీసుకున్నాడు. ఈ ఉచ్చు సంగతి అర్థమైతే టెన్షన్, అంటే దారం బిగువు, దానంతట అదే అర్థమవుతుంది. రెండు దారాలూ గుడ్డ మందం మధ్యలో కలుసుకోవాలి. ఏది ఎక్కువ బిగిస్తే ముడిని అది తన వైపుకు లాక్కుంటుంది.

పరీక్ష ఇలా చేయండి. పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం ఎక్కించి, రెండు మడతల తెల్ల గుడ్డ మీద జానెడు కుట్టండి. పై వైపు తెల్ల చుక్కలు కనిపిస్తే పై టెన్షన్ బిగుతు. కింది వైపు ఎర్ర ఉచ్చులు కనిపిస్తే పై టెన్షన్ వదులు. చాలామంది కింద ఉచ్చులు కనిపించగానే బాబిన్‌ను అనుమానిస్తారు. తప్పు పైన ఉంటుంది. అది కూడా చాలాసార్లు టెన్షన్ మర తప్పు కాదు, దారం ఎక్కించడంలో తప్పు. పాదం కిందికి ఉన్నప్పుడు టెన్షన్ రేకులు మూసుకుని ఉంటాయి. అప్పుడు దారం ఎక్కిస్తే అది రేకుల మధ్యకు దిగదు. పాదం ఎత్తి దారం ఎక్కించండి, పాదం దించి దారం లాగి చూడండి, చేతికి బిగువు తెలియాలి.

బాబిన్ కేసుకు ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని ముట్టుకునే ముందు, బాబిన్ పెట్టిన కేసును దారంతో గాల్లో వేలాడదీసి మణికట్టును చిన్నగా కదపండి. అంగుళం రెండంగుళాలు జారి ఆగితే బాగుంది. బొత్తిగా కదలకపోతే బిగుతు, జర్రున నేల దాకా దిగిపోతే వదులు. స్క్రూను పావు చుట్టు కంటే ఎక్కువ ఒక్కసారి తిప్పకండి, తిప్పే ముందు ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి.

కుట్టు మొదట్లోనే గుడ్డ కింద పిచ్చుక గూడు కట్టిందంటే రెండు దారాల కొసలూ మీరు వెనక్కి పట్టుకోలేదు. మొదటి మూడు నాలుగు కుట్లు పడేదాకా కొసలను వేళ్ళతో పట్టుకోవాలి.

మొదటి కుప్ప: తిన్నటి కుట్టు, మడత కుట్టు

తువ్వాలుతో మొదలుపెట్టండి. అంచును అర సెంటీమీటరు మడిచి, దాన్ని మళ్ళీ ఒక సెంటీమీటరు మడిచి, ఇస్త్రీ చేసి, మడత లోపలి అంచుకు ఆనుకుని కుట్టండి. ఇస్త్రీ చేయకుండా మడతలు కుట్టే పని పెట్టుకోకండి. మంచి కుట్టులో సగం ఇస్త్రీదే. కుట్టు నిడివి రెండున్నర మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి పది కుట్లు, అన్నిటికీ సరిపోతుంది. మొదట్లోనూ చివర్లోనూ మూడు నాలుగు కుట్లు వెనక్కి వేయాలి. వెనక్కి కుట్టే మీట లేని పాత మిషన్ అయితే సూది గుడ్డలో ఉండగా పాదం ఎత్తి, గుడ్డను సగం చుట్టు తిప్పి, నాలుగు కుట్లు వేసి, మళ్ళీ తిప్పండి.

ఈ కుప్పలోనే మా ఇంట్లో వెంకటగిరి నేత చీరలకు ఫాల్ కూడా ఉంటుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మా బీరువాల్లోంచి ఎక్కడికీ పోలేదు. అంత సన్నటి నూలు చీరను మామూలుగా మిషన్ కింద పెడితే పళ్ళు దాన్ని ప్లేటు కన్నంలోకి మింగేస్తాయి. సూది 11 పెట్టి, చీర కింద పాత న్యూస్‌పేపర్ సన్న పట్టీ పెట్టి కాగితంతో సహా కుట్టండి. అయ్యాక కాగితాన్ని చించేస్తే వచ్చేస్తుంది. అచ్చు సిరా చీరకు అంటుకుంటుందన్న అనుమానముంటే నోటుపుస్తకం కాగితం వాడండి. ఫాల్‌ను మాత్రం ముందు రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేసి కుట్టాలి. లేకపోతే మొదటి ఉతుకులో అది కుంచించుకుని చీర అంచును ముడతలు పెడుతుంది. నేను కింది వైపు మిషన్ మీద, పైవైపు చేత్తో కుడతాను. చేతి కుట్టు చీర ముందు వైపు కనబడదు.

మోకాలి అతుకు

స్కూలు ప్యాంటు మోకాలు ముందుగా దీపానికి ఎదురుగా పట్టి చూడండి. చిల్లు రూపాయి బిళ్ళంత ఉన్నా, దాని చుట్టూ అరచేయంత మేర గుడ్డ పలచబడి వెలుతురు కనిపిస్తుంది. అతుకు కొలత చిల్లుకు కాదు, ఆ పలచదనానికి. దాని అవతల అంగుళం మేర మంచి గుడ్డ మీదికి అతుకు పోవాలి. చిల్లుకు సరిపడా చిన్న ముక్క వేస్తే నెల తిరక్కుండానే అతుకు పక్కన ఇంకో చిల్లు పడుతుంది. నేనూ మొదట అలా వేసినదాన్నే.

కాలు గొట్టంలా ఉంటుంది కాబట్టి మోకాలు మిషన్ కింద పరుచుకోదు. చాలామంది ఇక్కడే ఇది మిషన్ పని కాదని వదిలేస్తారు. పక్క కుట్టు పది అంగుళాలు విప్పండి, అంతే, మోకాలు చదునుగా పరుచుకుంటుంది. కొన్ని ప్యాంట్లకు రెండు పక్క కుట్లలో ఒకటి పైకి రెండు వరసలు కనిపించేలా కుట్టి ఉంటుంది, ఇంకొకటి మామూలుగా. మామూలు దాన్నే విప్పండి. విప్పడానికి ప్రతి నాలుగో కుట్టును ఒక వైపు రిప్పర్‌తో తెంచి, రెండో వైపు దారాన్ని లాగితే తీగలా వచ్చేస్తుంది. బ్లేడుతో విప్పితే పని తొందరగా అవుతుంది, గుడ్డ కూడా తెగుతుంది.

అతుకు గుడ్డ ప్యాంటు కంటే మందంగా ఉండకూడదు. కొత్త నూలు గుడ్డ అయితే ఉతికి వాడాలి. అన్నిటికంటే ముఖ్యం, అతుకు పడుగు (నేతలో నిలువు పోగులు) ప్యాంటు పడుగు వైపే పోవాలి. గుడ్డను రెండు వైపులా సాగదీసి చూడండి. తక్కువ సాగే వైపు పడుగు. అడ్డంగా వేసిన అతుకు ఉతికే కొద్దీ మెలిపడుతుంది. మూలలను కొద్దిగా గుండ్రంగా కత్తిరించండి, కొసలు లేవవు. అతుకును లోపలి వైపు నుంచి పెట్టి గుండుసూదులతో పట్టించి, కచ్చా కుట్టు (తర్వాత తీసేసే చేతి కుట్టు) వేసి, అప్పుడు మిషన్ మీద చుట్టూ రెండు వరసలు. ఆపైన ప్యాంటు పైవైపు చిల్లు అంచులను చిన్న చిన్న గాట్లు పెట్టి లోపలికి మడిచి, మడత మీద ఇంకో వరస. తర్వాత పక్క కుట్టు పాత సూది గుర్తుల మీదే మూసేయండి. ఇంత కష్టపడి చేసిన అతుకును దాచడం ఎందుకని మా చిన్నోడి ప్యాంటుకు పాత చీర అంచుతో పైవైపునే వేశాను. వాడి తరగతి పిలకాయలు ఇంకో ఇద్దరు అట్టాంటిదే కావాలని వాళ్ళ అమ్మల వెంట పడ్డారట.

మిషన్ మీద రఫ్పు

సిగరెట్ నిప్పు రవ్వంత, మేకు గీరుకున్నంత చిన్న చిల్లులకు అతుకు అనవసరం. దారంతోనే గుడ్డ నేసినట్టు పూడ్చవచ్చు. మొదటిసారి అది చేతికొచ్చిన రోజున నాకు అన్నం కూడా గుర్తు రాలేదు.

కరెంటు మిషన్లలో పళ్ళు కిందికి దించే మీట ఉంటుంది. నల్ల మిషన్‌లో లేకపోతే కుట్టు నిడివిని సున్నాకు తెచ్చి, పళ్ళ మీద కప్పే చిన్న ప్లేటు బిగించండి. ప్లేటు దొరక్కపోయినా నిడివి సున్నా అయితే పని జరుగుతుంది. పాదాన్ని పూర్తిగా విప్పేయండి. చిల్లు మధ్యలోకి వచ్చేలా గుడ్డను ఎంబ్రాయిడరీ ఫ్రేములో బిగించండి, అయితే చేతి ఎంబ్రాయిడరీకి పెట్టినట్టు కాదు, తిరగేసి. గుడ్డ మిషన్ బల్లకు ఆని ఉండాలి. సన్నటి దారం, సూది 11.

ఇక్కడ అందరూ మరిచిపోయేది ఒకటుంది. పాదం లేకపోయినా పాదం దించే మీటను దించాల్సిందే. అది దించితేనే టెన్షన్ రేకులు బిగుసుకుంటాయి. దించకపోతే కింద దారం కుప్ప పోసినట్టు వస్తుంది. కరెంటు మిషన్ అయితే వేళ్ళు ఫ్రేము చెక్క మీదే ఉంచండి, సూది దగ్గరికి రానివ్వకండి. పాదం లేనప్పుడు వేలికి అడ్డు ఏమీ ఉండదు.

బాబిన్ దారాన్ని పైకి లాగి, మిషన్‌ను ఒకే వేగంతో తొక్కుతూ, ఫ్రేమును మెల్లగా ముందుకీ వెనక్కీ జరపండి. చిల్లుకు అటూ ఇటూ పావంగుళం మంచి గుడ్డ మీదికి పోయి రావాలి. వరసలు పక్కపక్కన దగ్గరగా పడితే అది పడుగు. ఇప్పుడు ఫ్రేమును పావు వంతు తిప్పి, వాటి మీద అడ్డంగా అదే పని. అది పేక. చెయ్యి వేగంగా, కాలు నిదానంగా పోతే పొడుగు కుట్లు పడి సూది వంగుతుంది. కాలు వేగంగా, చెయ్యి నిదానంగా ఉండాలి. మొదటి నాలుగు రఫ్పులూ గట్టి బిళ్ళల్లా వస్తాయి. అయిదోది మెత్తగా వస్తుంది. ఈ చెయ్యి తిరిగితే మిషన్ ఎంబ్రాయిడరీకి సగం దూరం వచ్చేసినట్టే, ఎందుకంటే పూలు కుట్టేది కూడా ఇదే పద్ధతిలో.

విప్పి కుట్టేవి

బిగుతైన జాకెట్టు: లోపల ఎంత గుడ్డ వదిలారో ముందు చూడండి. మంచి దర్జీ పక్కల్లో అంగుళం దాకా వదులుతాడు, కొన్నిసార్లు రెండు మూడు కుట్లు కూడా వేసి ఉంచుతాడు. పాత కుట్టును ముందే విప్పకండి. దానికి బయటి వైపున, గుడ్డ అంచు వైపు, కావలసినంత దూరంలో కొత్త కుట్టు వేసి, ఆ తర్వాత పాతది విప్పండి. పాత కుట్టు గీతలా దారి చూపిస్తుంది. చేతి కింది కొస నుంచి చంక మీదుగా నడుము దాకా ఒకే పొడుగు కుట్టుగా పోవాలి. చంక దగ్గర నాలుగు కుట్లు కలిసే చోట ఆగి చక్రాన్ని చేత్తో తిప్పండి. పాత కుట్టు ఉన్న చోట గీత మిగులుతుంది, అది ఉతుకుల్లో కొంత పోతుంది, కొంత పోదు.

జిప్పు: మార్చే ముందు దాన్ని మూసే రన్నర్‌ను వెనక వైపు నుంచి చిన్న పట్టకారుతో మెత్తగా నొక్కి చూడండి. పళ్ళు బాగుండి మూసుకోవడం లేదంటే రన్నర్ వదులైంది, అంతే. దాంతో బాగుపడకపోతే ఫోన్‌తో లోపలా బయటా ఫొటోలు తీసి, అప్పుడు విప్పండి. రెండు వైపులా ఒకేసారి కాదు. ఒక వైపు విప్పి కొత్త జిప్పు కుట్టి, తర్వాత రెండోది. జిప్పు పక్కనే కుట్టడానికి ఒంటి పాదం అని అడిగితే అంగట్లో ఇస్తారు. రన్నర్ అడ్డు వచ్చినప్పుడు సూది దించి, పాదం ఎత్తి, రన్నర్‌ను సూది దాటించి ముందుకు సాగండి.

జీన్స్ పొట్టి చేసేటప్పుడు పక్క కుట్టు దగ్గర గుట్టలా లేచి పాదం ఎక్కలేక సూది విరుగుతుంది. ఆ చోట సుత్తితో రెండు దెబ్బలు వేసి చదును చేయండి. పాదం ముందుభాగం గుట్ట ఎక్కుతున్నప్పుడు వెనక కింద అంతే మందం మడతపెట్టిన గుడ్డ పెడితే పాదం సమంగా ఉంటుంది. సూది 16 లేదా 18, చక్రం చేత్తో.

మేత సంచితో బజారు సంచి

ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలున్న వాళ్ళ ఇళ్ళలో ఖాళీ మేత సంచులకు కొదవ లేదు. బియ్యం సంచులైనా ఇదే పని. మేత సంచి వాసన అంత తేలిగ్గా వదలదు, సబ్బు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి రెండు రోజులు ఎండలో వేలాడదీయండి. ఇంట్లో పిల్లి ఉంటే ఆ రెండు రోజులూ కాపలా కూడా.

సంచి ప్లాస్టిక్ నేత కాబట్టి ఇస్త్రీ పెట్టకండి, కరుగుతుంది. గుండుసూదులు వద్దు, చిల్లులు మిగిలిపోతాయి. బట్టల క్లిప్పులు వాడండి. సూది 18, పాలిస్టర్ దారం, పొడుగు కుట్టు. చిన్న కుట్టు వేస్తే నోటుబుక్కు కాగితంలా ఆ గీత వెంట చిరుగుతుంది.

ఇరవై రెండు అంగుళాల ఎత్తుకు సంచిని కోసి, మిగిలిన ముక్కలోంచి నాలుగంగుళాల వెడల్పు, రెండడుగుల పొడవున రెండు పట్టీలు తీయండి. సంచిని తిరగేసి అడుగు రెండు వరసలు కుట్టండి. అడుగు మూలను పక్క మడత మీదికి తెచ్చి నొక్కితే ఒక త్రికోణం వస్తుంది. దానికి అడ్డంగా నాలుగంగుళాల గీత గీసి కుట్టండి, రెండో మూలకూ అంతే. తిప్పి చూస్తే సంచికి పీట వేసుకుని కూర్చునే అడుగు వచ్చి ఉంటుంది. పట్టీని నాలుగు మడతలు పెట్టి అంగుళం వెడల్పు చేసి రెండంచులా కుట్టండి. సంచి నోరు అంగుళం చొప్పున రెండు మడతలు. పట్టీ కొసలను ఆ మడత మీద పెట్టి, చతురస్రం కుట్టి దాని లోపల ఇంటూ గుర్తు. రెండు కిలోల ఉల్లిపాయలు, ఒక గుమ్మడికాయ మోసినా ఊడదు.

పాత చీరల బొంత

అమ్మమ్మల కాలంలో బొంత చేతికుట్టే. మిషన్ మీద కుట్టేటప్పుడు కష్టం దాని మందం, వెడల్పు. అందుకే ముందు పసిబిడ్డ బొంత, ముప్పై అంగుళాలు ఇంటూ ముప్పై ఆరు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలే తీసుకోండి. నైలాన్, పాలిస్టర్ కలిసినవి జారిపోతాయి, బిడ్డకు చెమట పట్టిస్తాయి. చీరలో కుచ్చిళ్ళ దగ్గరా, నడుము దగ్గరా అరిగిపోయి ఉంటుంది. ఆ భాగాలు మధ్య పొరలకు, పమిట వైపు గట్టి గుడ్డ పైకి, కిందికి. మొత్తం నాలుగు పొరలు.

నేల మీద పరిచి, చేతులతో ముడతలు లేకుండా మధ్య నుంచి అంచులకు సర్దండి. బెత్తెడు దూరానికో వరస కచ్చా కుట్టు చేత్తో వేయండి. నేను ఒకసారి బద్ధకించి గుండుసూదులతో సరిపెట్టాను. కింది పొర నాలుగంగుళాలు జరిగి ముడత పడింది, మొత్తం విప్పాల్సి వచ్చింది. పైగా పసిబిడ్డ గుడ్డలో ఒక్క గుండుసూది మిగిలినా ప్రమాదమే.

సుద్దతో మూడంగుళాలకో గీత గీయండి. సూది 16, పొడుగు కుట్టు. పాదం మీద ఒత్తిడి తగ్గించే మర పైన ఉంటుంది, దాన్ని రెండు చుట్లు వదులు చేయండి, లేకపోతే పై పొరను ముందుకు నెట్టుకుంటూ పోతుంది. మొదటి వరస సరిగ్గా మధ్యలో. తర్వాత దానికి కుడి వైపుది, తర్వాత ఎడమ వైపుది, అలా అంచులకు పోవాలి. మిషన్ చేయి కింద దూరే సగాన్ని చాపలా చుట్టి దూర్చండి. మిగిలిన సగం కిందికి వేలాడి లాగకుండా పక్కన కుర్చీ వేసి దాని మీద పెట్టండి.

నాలుగు వైపులకూ చీర అంచునే పట్టీగా వాడుకోవచ్చు. అంచును రెండున్నర అంగుళాల వెడల్పున, పక్కన చీర గుడ్డ అరంగుళం వదిలి కోయండి. బొంత వెనక వైపు కుట్టి, ముందుకు తిప్పి, నేత అంచు పైకి వచ్చేలా పెట్టి దాని మీద కుట్టండి. నేత అంచు పోగులు ఊడవు కాబట్టి రెండోసారి మడవనక్కర్లేదు. మూల దగ్గర అంగుళం ముందే ఆగి, దారం తెంపి, పట్టీని ఏటవాలుగా మడిచి రెండో వైపు కొత్తగా మొదలుపెట్టాలి. జరీ అంచు మాత్రం వద్దు, బిడ్డ చెంపకు గీరుకుంటుంది. కచ్చా కుట్లన్నీ తీసేసి, వేళ్ళతో బొంతంతా తడిమి చూసి, గోరువెచ్చని నీళ్ళలో చేత్తో ఉతికి ఎండలో వేయండి.